పది రోజుల సెలవు

వారానికి మూడు రోజులు పలాస ఆసుపత్రిలో డయాలసిస్ మంచం మీద నాలుగేసి గంటలు పడుకోవడమే ఇప్పుడు నా ఉద్యోగం. ఇంటింటా కిడ్నీలు పాడయ్యే మా ఉద్దానంలో ఇదేమీ వింత కాదు, పక్క మంచం మీద ఉండేది మా మేనల్లుడే. పోయిన మంగళవారం గోడమీది టీవీలో ఎవరో ఇంగ్లండు ఫుట్‌బాల్ పోటీ పెట్టారు. ఎడమ అంచున పరుగెత్తుతున్న ఆటగాడు మడమతో బంతిని వెనక్కి నెట్టగానే, దుప్పటి కింద నీరుపట్టిన నా ఎడమ పాదం దానంతటదే కదిలింది. కదలొద్దని నర్సమ్మ కసిరింది. ఈ ముసలాడు ఒకప్పుడు అదే అంచున పరుగెత్తేవాడని ఆ పిల్లకి ఎవరు చెబుతారు, చెబితే మాత్రం ఎవరు నమ్ముతారు?

మన ఈడువాళ్ళకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో ఇంట్లో కూడు చాలకపోతే కుర్రవాడు మెయిలెక్కి కలకత్తా వైపు గోనెసంచుల మిల్లులకు పోయేవాడు. నేనూ అలాగే పోయాను. సంచుల పనికన్నా నాకు బంతి తన్నడమే బాగా వచ్చునని కనిపెట్టి, గిడ్డంగి చూసే దొర నన్ను మిల్లు జట్టులోకి లాగాడు. ఆయన తన దేశంలో జీతానికి బంతాడిన మనిషి. ముప్పై నిండకుండానే మోకాలు విరిగితే, ఇక నీతో పని లేదు పొమ్మన్నారట. ఆటగాడికి పిలుపు రెండుసార్లు రాదని ఆయన మాటిమాటికీ చెప్పేవాడు, చెబుతూ మోకాలు తడుముకునేవాడు.

ఆ పిలుపు నాకు ఇరవై రెండో ఏట వచ్చింది. అక్కడి రాష్ట్ర జట్టుకి ఎంపిక పోటీ. అందులో నిలిస్తే మిల్లు దుమ్ము తినే పని తప్పిపోయి, ఆటే అన్నం పెట్టేది. దానికి ముందు నాలుగు రోజులు సెలవిచ్చి, అమ్మ చేతి కూడు తిని రమ్మన్నాడు దొర.

అమ్మ పలాసలో జీడిపిక్కలు కొట్టే పనికి పోయేది. పిక్క తొక్కలోని జీడి నూనె చర్మాన్ని ఎలా కాలుస్తుందో మనకి తెలియనిది కాదు; అది తగిలి తగిలి ఆవిడ వేళ్ళు నల్లగా మాడిపోయి ఉండేవి. ఏడాదిన్నర తరవాత గుమ్మంలోకి వచ్చిన నన్ను చూసి "ఎన్నాల్లుంటావురా నాయినా" అని అడిగితే, నాలుగు రోజులని చెప్పడానికి నోరు రాలేదు. ఆ పూటే ఏడుపు మొదలుపెడుతుందని పది రోజులన్నాను. వెళ్ళేనాడు ఏదో సర్దిచెప్పుకోవచ్చు లెమ్మనుకున్నాను.

ఆ సాయంత్రం కాళ్ళకి నీళ్ళు పోస్తూ, బూట్లు కరిచి పగుళ్ళుపడ్డ నా మడమలు చూసింది. మన వైపు పగిలిన మడమలకి జీడి పూసే వైద్యం ఉండేది కదా. పాత తోలు పొక్కి ఊడిపోయి, అడుగున కొత్త తోలు గట్టిగా వస్తుంది. అయితే ఎనిమిది రోజులు కాలు కిందపెట్టకుండా కూర్చోవాలి. అమ్మ ఆ మాట చెప్పనే చెప్పింది. "పది దినాలుంటానన్నావు కదా, ఎల్లే ముందే మానిపోతాది, సూడు" అంది. అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. అబద్ధం బయటపడుతుందన్న సిగ్గు కొంత, రెండు చుక్కల జీడికి ఏమవుతుందిలే అన్న పొగరు కొంత. నోరు మూసుకుని పాదాలు చాచాను.

నాలుగో రోజున, ఆవిడ పనికి పోయిన వేళ చూసి, బొబ్బలకి గుడ్డ చుట్టుకుని మెయిలెక్కేశాను. పోటీలో పావుగంట ఆడానో లేదో, బూటులో మడమ తోలు మొత్తం లేచిపోయింది. దొర బూటు విప్పి చూసి, ఇంకొకణ్ణి పంపాడు. ఆ ఇంకొకడే ఎంపికయ్యాడు. నాకు మళ్ళీ పిలుపు రాలేదు. కొన్నాళ్ళకి దొర వెళ్ళిపోయాడు, జట్టు చెదిరింది, చివరికి మిల్లూ మూతపడితే నేను ఊళ్ళో కొబ్బరితోట పనికి తిరిగొచ్చాను.

కానీ అంతకన్నా ముందే, పోటీ అయిన మరుసటి ఏడు ఇంటికి వచ్చినప్పుడు, అరుగు మీద నలుగురి ఎదుటా అమ్మను అనరాని మాట అన్నాను, నా కాళ్ళు కాల్చింది నువ్వేనని. పది రోజులన్నావు కదరా అని ఆవిడ ఒక్కమాట తిరిగి అని ఉంటే నా నోరు పడిపోయేది. అనలేదు. "నాను సేసిన పాపమే నాయినా" అంది. ఆ తరవాత ఊళ్ళో ఎవరు మడమలు చూపించి అడిగినా జీడి పూయలేదు. నాకు భోజనం వడ్డించేటప్పుడు కూడా నా కాళ్ళవైపు చూసేది కాదు. ఆవిడ పోయేవరకూ అదే ఇంట్లో పాతికేళ్ళు ఒక్క కంచంలో తిన్నట్టు బతికాం, నేను నిజం చెప్పలేదు.

ఇప్పుడు పిక్కలు చాలామటుకు యంత్రాలే కొడుతున్నాయి. మడమలకి మందు కొట్లో దొరుకుతోంది. టీవీలో ఆ ఆటగాడు కాలు పట్టుకుని కూలబడగానే ముగ్గురు డాక్టర్లు పరుగెత్తుకొచ్చారు. నా పాదాలు ఎన్నడూ లేనంత నున్నగా ఉన్నాయి, నీరుతో ఉబ్బి. నర్సమ్మ వేలితో నొక్కితే గుంట పడుతుంది కానీ పగులు ఒక్కటీ కనపడదు. చూడడానికి నువ్వు లేవు.

అమ్మా, అప్పుడు నాకున్న సెలవు నాలుగు రోజులే.