స్పర్శ లేని కుడి చెయ్యి

బందరు స్టేషన్లో దిగేసరికి ఉదయం ఆరూ పది. వాన. ప్లాట్‌ఫారం మీద బూటు మునిగేంత నీళ్లు. మేం పదకొండు మందిమి. రెండు వైర్లెస్ సెట్లు, నాలుగు టార్పాలిన్లు, ఒక మోటారు సైకిలు, వారానికి సరిపడా రేషన్. తుఫాను వెళ్లిపోయి మూడు రోజులైంది, వాన మాత్రం వెళ్లలేదు. పంతొమ్మిది వందల యాభైల చివరి సంగతి. సిగ్నల్స్ దళంలో తెలుగు వచ్చినవాళ్లను ఏరి వరద డ్యూటీకి పంపారు.

"యుద్ధం చూశారా?" అని అడిగేవాళ్లకు నేను ఈ ఇరవై నాలుగు రోజుల సంగతే చెప్పబోతాను. వరద అనగానే సగంలో లేచి వెళ్లిపోతారు. వెళ్లనివ్వండి.

నేను డిస్పాచ్ రైడర్ని. వైర్లెస్ పలకని చోటికి కాగితం చేర్చడం నా పని. ఒక బడిలో క్యాంపు వేశాం. పొద్దున ఏడింటికి పెడన, గుడ్లవల్లేరు మీదుగా గుడివాడ. మందులు, బియ్యం అక్కడికి రైల్లో వచ్చేవి, ఎన్ని వచ్చాయో రాయించుకు రావాలి. మధ్యాహ్నం చల్లపల్లి, మోపిదేవి దాటి దివిసీమలోకి. రోజుకు తొంభై మైళ్లకు తక్కువ ఉండేది కాదు. రోడ్డన్నది పేరుకే. తేలిన కంకర, లేకపోతే బురద.

బండి 350 సీసీ. నాకు ముందు దాన్ని నడిపినవాడికి రేసుల పిచ్చి. హ్యాండిల్ని తిరగేసి కిందికి బిగించాడు. దాన్ని పట్టుకుంటే ఒళ్లంతా ముందుకు వంగి, గడ్డం పెట్రోలు ట్యాంకు మీదికి వచ్చేది. ఒంటి బరువంతా అరచేతుల మీద. చూసేవాళ్లకు గొప్పగా ఉండేది. నాకూ అదే కావాలి. ఇరవై మూడేళ్ల వయసు.

మా మెకానిక్‌ది పామర్రు. చుట్టరికం లేకపోయినా మొదటి రోజు నుంచే నన్ను బావా అనేవాడు.

"బావా, ఆ హ్యాండిల్ తిప్పేస్తాను. పావుగంట పని."

"వద్దు. స్పీడు తగ్గుద్ది."

"స్పీడు ఇంజన్లో ఉంటది గానీ హ్యాండిల్లో కాదు."

"నీ స్పానర్ సంగతి నువ్వు చూసుకో. బండి సంగతి నేను చూసుకుంటా."

మూడో రోజుకి చేతులు పట్టు తప్పాయి. మొదట చిటికెన వేలు, దాని పక్క వేలు. చీమలు పాకినట్టు ఉండేది. తర్వాత అరచెయ్యంతా మొద్దు. బండి దిగాక చొక్కా గుండీ పెట్టుకోలేకపోయాను. సాయంత్రం టీ గ్లాసు అందుకున్నాను, అది చేతిలోంచి జారి పడింది. జారుతున్నట్టు నాకు తెలియనే లేదు. పగిలిన చప్పుడు విని కిందికి చూశాను.

మా హవల్దారు గోదావరి మనిషి. గొంతు పెంచేవాడు కాదు.

"పది మైళ్లకొకసారి ఆగు. అయిదు నిమిషాలు. చేతులు కిందికి వేలాడేసి విదుల్చు. ఇది సలహా కాదు, ఆర్డరు."

మర్నాడు పెడనలో ఆగాను, ఒక కలంకారీ అద్దకం పాక చూరు కింద. గుడ్డ ఆరే ఎండ లేక పని నిలిచిపోయింది. అద్దకం చేసే పెద్దాయన ఒక్కడే బల్ల దగ్గర కూర్చుని చెక్క అచ్చులు తుడుస్తున్నాడు. నేను చేతులు విదుల్చుకోవడం కాసేపు చూశాడు.

"తిమ్మిరాండీ?"

"అవునండీ."

"మాకూ అంతేనండీ, పనిలో చేరిన కొత్తలో. అచ్చుని పీక పట్టుకున్నట్టు పట్టుకుంటాం. సాయంత్రానికి చెయ్యి మనది కాదు. అచ్చు ఎక్కడికీ పారిపోదండీ. వేళ్లు ఊరికే ఆనించాలి, అంతే."

అచ్చు మీద గుద్దేటప్పుడు వాళ్లు చేతికి చుట్టుకునే గుడ్డ మడత ఒకటి ఇచ్చాడు. ఆయన చెప్పిన మాట వదిలేసి ఆ గుడ్డ మాత్రం పట్టుకొచ్చాను. దాన్ని చింపి రెండు పిడులకీ మూడేసి చుట్లు చుట్టాను. పిడి రోకలంత లావైంది. లావైన కొద్దీ ఇంకా బిగించి పట్టుకోవాలి. ఆ రోజు గుడివాడ నుంచి వచ్చేసరికి మోచేతి దాకా మొద్దుబారింది.

మెకానిక్ చూసి పడీ పడీ నవ్వాడు. "ఆయన గుద్దేవాడు బావా. నువ్వు వేలాడేవాడివి. నీకెందుకు ఈ గుడ్డ?" అంటూ బ్లేడు తెచ్చి కోసేశాడు. దాంతో నా అతితెలివీ కాస్త తెగింది.

చేతులు తిమ్మిరెక్కకుండా ఏం చేయాలో అప్పుడు ఒంటబట్టింది. ముందుకు వంగి నడిపే బండ్లు ఇప్పుడు వీధికి నాలుగు. మీకూ పనికొస్తుంది, వినండి. బరువు చేతుల మీద వేయకండి, నడుము మీద, పొట్ట మీద నిలుపుకోండి. ట్యాంకుని మోకాళ్లతో నొక్కి పట్టుకోండి. మోచేతులు కాస్త వంచండి. మణికట్టు విరిచిపెట్టకండి. పిడిని పిసకకండి, ఆ పెద్దాయన చెప్పినట్టు వేళ్లు ఆనించండి. అన్నిటికన్నా ముఖ్యం, ఆగండి. పదకొండు రోజులు ఇలాగే చేశాను. గ్లాసు కింద పడలేదు. హ్యాండిల్ మాత్రం తిప్పనివ్వలేదు. కుక్క తోక వంకర.

పదహారో రోజు మళ్లీ పెద్ద వాన. పదీ నలభైకి అవనిగడ్డ నుంచి వైర్లెస్.

"సెట్టు తడిసింది. కోడూరు కింద నాలుగు ఊళ్లు మునిగాయి. జనం ఇళ్ల కప్పుల మీద ఉన్నారు. లస్కరు తలుపులు ఎత్తడం లేదు. కాగితం కావాలి. మళ్లీ చెప్తున్నా, కాగితం..." అంతటితో మాట తెగిపోయింది.

ఆ నాలుగు ఊళ్ల నీళ్లూ ఒకే మురుగు కాలువ గుండా సముద్రంలోకి పోవాలి. కాలువ చివర ఆరు ఇనుప తలుపులు ఉంటాయి. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు మూసి ఉంచాలి, లేకపోతే ఉప్పునీళ్లు ఎదురెక్కుతాయి. పాటు మొదలవగానే ఎత్తితే వరద దిగిపోతుంది. ఆ తలుపుల్ని కాచే మనిషే లస్కరు. తలుపుల కోసం ఊళ్ల మధ్య కొట్లాటలు జరుగుతాయి కనక, కాలువల ఇంజనీరు కాగితం లేనిదే ఎవరు చెప్పినా ఎత్తడు.

క్యాంపులోనే ఉన్న ఇంజనీరు కాగితం రాసి ముద్ర వేశాడు. హవల్దారు దాన్ని మైనపు గుడ్డలో చుట్టి నా సంచిలో పెట్టాడు.

"పాటు రెండున్నరకి. ఆ లోపు లస్కరు చేతిలో పడాలి. ఈ పాటు తప్పితే ఇంకో పన్నెండు గంటలు నీళ్లు కదలవు. అంతసేపు ఆ కప్పులు నిలవవు. మూడు చోట్ల ఆగు."

"ఆగుతాను సార్."

బయల్దేరింది పదకొండూ అయిదుకి. ముప్పై ఎనిమిది మైళ్లు. చల్లపల్లి పన్నెండూ పది, ఆగలేదు. అవనిగడ్డ ఒంటిగంట, ఆగలేదు. కోడూరు ఒకటీ ముప్పై అయిదు. అప్పటికే వేళ్లలో స్పర్శ పోయింది. భయానికి పిడిని పిసుకుతూనే ఉన్నాను. కాలువ కట్ట మీద బండి రెండుసార్లు పడింది. తలుపుల దగ్గరికి చేరేసరికి రెండూ అయిదు.

అంటే ఇరవై అయిదు నిమిషాలు ముందే చేరాను. మూడు చోట్ల ఆగి ఉంటే పట్టేది పదిహేను నిమిషాలు.

లస్కరుకి యాభై దాటి ఉంటాయి. సన్నటి మనిషి. గోనెసంచి తల మీద కప్పుకుని గోడ మీద కూర్చున్నాడు.

"కాయితం తెచ్చారా బాబూ?"

ఇచ్చాను. ముద్ర చూసుకుని మడిచి మొలలో దోపుకున్నాడు.

"పొద్దుట్నించి తిడతన్నారు బాబూ, ఎత్తమని. పోటు మీద ఎత్తితే ఉప్పునీళ్లెక్కి మూడేళ్లు గడ్డి కూడా మొలవదు. తిట్లు పడితే పడ్డాను. మా వాళ్లే గదా, మా ఇంటిదీ ఆ కప్పుల మీదే ఉంది."

నేనూ గోడెక్కి ఆయన పక్కన కూర్చున్నాను.

రెండున్నరకి సముద్రం వైపు నీళ్లు గోడ మీది గుర్తు కన్నా రెండు వేళ్లు దిగాయి. "పాటు పట్టింది," అని లేచాడు. ఇద్దరం కలిసి తలుపులెత్తే ఇనుప మరని తిప్పాం. ఒక్కొక్క తలుపుకీ ముచ్చెమటలు పోశాయి. ఇనుము నా చేతికి తగులుతున్నట్టు లేదు. పట్టుకున్నానో లేదో కళ్లతో చూసుకుని తిప్పాను. చెయ్యి మొద్దుబారిందని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. యూనిఫాంలో ఉన్నవాణ్ణి, అంత ముసలాయన ముందు చెయ్యి పనిచేయడం లేదని ఒప్పుకోవడం నామోషీ అనిపించింది.

అయిదు తలుపులు లేచాయి. ఆరోది అడుగు లేచి ఆగింది. ఎక్కడిదో కొట్టుకొచ్చిన పూరింటి కప్పు అడ్డం పడింది. లస్కరు గెడ తీసుకుని గోడకున్న మెట్టు మీదికి దిగాడు.

"మోకు లేదా పెద్దాయనా?"

"పడవతో పంపేశాను బాబూ, జనం కోసం. మీరు చెయ్యివ్వండి, చాలు."

గోడ మీద బోర్లా పడుకున్నాను. ఎడమ చేత్తో ఇనుప ఊచ పట్టుకుని, కుడి చేత్తో ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఆయన రెండో చేత్తో గెడ వేసి కప్పుని తోశాడు. కదల్లేదు.

"పట్టుకున్నారా?"

"పట్టుకున్నాను."

ఇంకోసారి తోశాడు. కప్పు కిర్రుమంది. దాని మీద గుమ్మడి తీగ, తీగకి ఇంకా ఊడని కాయ. నేను ఆ కాయ వైపే చూస్తున్నాను. కప్పు ఒక పక్కకి ఒరిగి సర్రున ఎత్తి ఉన్న అయిదో తలుపు కిందికి పోయింది. నీళ్లు ఒక్కసారిగా లాగాయి.

"బాబూ, పట్టుకున్నారా?"

"పట్టుకున్నాను," అన్నాను.

కిందికి చూసేసరికి మెట్టు మీద ఎవరూ లేరు.

చీకటి పడేదాకా కట్ట పొడుగునా అరుస్తూ తిరిగాను. తెల్లారేసరికి నాలుగు ఊళ్లలోనూ నీళ్లు నడుము లోతుకి దిగాయి. కప్పుల మీదివాళ్లందరూ బతికారు. ఆయన రెండో రోజు మడ చెట్ల మధ్య దొరికాడు. కాగితం మొలలోనే ఉంది.

"ఆగావా?" అని అడిగాడు హవల్దారు.

"ఆగాను సార్."

ఆయన నా చేతుల వైపు చూశాడు. ఆఖరు దాకా నేను చెయ్యి వదల్లేదనీ, నీటి ఉద్ధృతికి లస్కరు కొట్టుకుపోయాడనీ రిపోర్టు రాశాడు. ఆ సాయంత్రం మెకానిక్ నన్ను అడక్కుండానే హ్యాండిల్ తిప్పేశాడు. నన్ను బావా అని పిలవలేదు.

అది జరిగిన నాలుగో రోజు లస్కరు భార్య క్యాంపుకి వచ్చింది, పరిహారం కాగితాల మీద వేలిముద్ర వేయడానికి. ఆఖర్న ఆయనతో ఉన్నది నేనేనని ఎవరో చూపించారు.

"ఆఖరు దాకా చెయ్యి వదల్లేదంట గదా బాబూ," అంటూ నా కుడి చేతిని రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుంది. అప్పటికి చేతికి స్పర్శ తిరిగొచ్చింది. ఆమె కన్నీళ్ల వెచ్చదనం బాగా తెలిసింది. నిజం చెప్పడానికి నోరు తెరిచాను. "అవునమ్మా," అన్నాను.

ఇరవై నాలుగో రోజు పొద్దున్నే రైలెక్కాం. ఎండ కాసింది. పెడన దగ్గర గుడ్డలు ఆరేసి ఉన్నాయి. పెట్టెలో ఎవరో పాట అందుకున్నారు. నేను చేతులు తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత సర్వీసులో చావులు చూశాను. వాటిలో చాలా వరకు మరిచిపోయాను కూడా. ఇది పోవడం లేదు. ఖాళీ మెట్టు. గోడ మీద బోర్లా నేను. కిందికి చాచిన నా కుడి చెయ్యి. దాని పిడికిలి, మనిషిని పట్టుకున్నట్టే, ఇంకా బిగిసి ఉంది.