శిల్పుల షెడ్డు పక్కన నిలిపిన బండి

పేగుకు ఆపరేషన్ చేసి పొట్ట మీద సంచి పెట్టిన తర్వాత మా అక్క ఇల్లు కదలడం మానేసింది. మలం ఆ సంచిలోకే వస్తుంది. అది నిండినప్పుడల్లా ఖాళీ చేసి కడుక్కోవాలి. అందుకు నీళ్లు కావాలి, తలుపు సరిగ్గా పడే గది కావాలి. మన బస్టాండ్లలో, పెళ్లి మంటపాల్లో ఆ రెండూ ఒకే చోట దొరకడం ఎంత కష్టమో అవసరం పడ్డవాళ్లకే తెలుస్తుంది. ఎవరు పిలిచినా అక్క "మోకాళ్లు నొప్పులమ్మా, రాలేను" అనేది. ఆమె మోకాళ్లకు ఏ నొప్పీ లేదని నాకూ మా ఆయనకూ మాత్రమే తెలుసు.

అక్క మాతోనే నంద్యాలలో ఉంటుంది. నేను బడిలో టీచరుగా చేసి రిటైరయ్యాను. మా ఆయన బస్సు డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. ఇంట్లో ఊరికే కూర్చోవడం ఆయనకు చేతకాదు. ఒకరోజు పొద్దున ఎక్కడికో పోయి మధ్యాహ్నం అన్నం వేళకు వచ్చాడు. ఏదో బడివాళ్లు పాత మినీ బస్సు అమ్ముతున్నారట, చూసి వచ్చాడట. కంచం ముందు కూర్చుని, అక్కకు వినపడేలా నాతో అన్నాడు:

"వదిన బాత్రూము ఇడ్సి బయటికి రాల్యాకుంటే, బాత్రూమునే బయటికి తీస్కపోదాం."

అక్క నవ్వుతుందో ఏడుస్తుందో తెలియక నేను ఆమె ముఖం వైపు చూశాను. "నీకేమన్నా పిచ్చి పట్టిందా మరిదీ?" అంది గానీ ఆ రోజు పెరుగన్నం ఇంకొంచెం వేయించుకుంది.

బండి తయారవడానికి చాలా కాలం పట్టింది. ఆ మినీ బస్సు కొని, సీట్లు పీకించి, వెనక వైపు చిన్న బాత్రూము కట్టించాం. పైన నీళ్ల ట్యాంకు, కింద మూత బిగించే మురుగు ట్యాంకు. కిటికీ పక్కన అక్కకు మంచం, ఎదురుగా మాకిద్దరికీ మడిచే బల్ల మంచం, డ్రైవరు వెనక చిన్న స్టవ్వు. ఆఫీసుల చుట్టూ తిరిగి కాగితాలు కూడా మార్పించాడు మా ఆయన. ఇలాంటి వాటిని పట్నాల్లో క్యారవాన్ అంటారు. మా వీధివాళ్లు "ఇల్లుబస్సు" అన్నారు. మేం బండి అనే అంటాం.

మొదట ఎక్కడికి పోదామని అక్కనే అడిగాం.

"పారే నీళ్లు సూడల్ల," అంది. "యాడైనా సరే. కుళాయి నీళ్లు సూసి సూసి విసుగొచ్చింది."

అహోబిలం అనుకున్నాం. మేం చర్చికి పోయేవాళ్లమే అయినా ఆ కొండలూ, ఎగువన బండల మీద పారే వాగూ చిన్నప్పటి నుంచీ వింటూనే ఉన్నాం. తీరా మేం బయల్దేరింది శనివారం. గుడికి జనం ఎక్కువగా వచ్చే రోజని మా బుర్రకు తట్టలేదు.

శిరివెళ్ల దాటేవరకూ హాయిగానే సాగింది. ఖాళీ బస్సు నడపడం వేరు, ఇల్లు నడపడం వేరు అని మా ఆయన దారి పొడుగునా అంటూనే ఉన్నాడు. మలుపు తిరిగితే గిన్నెలు కదులుతాయి, గుంటలో పడితే పైన ట్యాంకులో నీళ్లు ఊగుతాయి, అక్క మంచం కమ్మీ పట్టుకుంటుంది. ఆళ్లగడ్డ దాటి కొండల వైపు తిరిగాక రోడ్డు సన్నబడింది. ఎదురుగా కార్లు, ఆటోలు, ట్రాక్టరు మీద జనం. ఎవరికీ వెనక్కి పోవడం ఇష్టం లేదు. మా ఆయన మాత్రం దారి దొరికిన ప్రతిచోటా పక్కకు తీసి, చెయ్యి ఊపి, ముందు వాళ్లను పోనిచ్చాడు. "మనం ఇల్లు ఎంటబెట్టుకోని వచ్చినాం గదా, మనకేం తొందర?" అన్నాడు.

దిగువ అహోబిలం చేరేసరికి ఎండ మండుతోంది. బండ్లు నిలిపే చోటంతా నిండిపోయింది. అక్కడ బండ్లు చూసుకునే మనిషి విజిల్ ఊదుకుంటూ వచ్చి మా బండి చుట్టూ ఒకసారి తిరిగాడు.

"ఏందన్నా ఇది, బస్సా, ఇల్లా?"

"రెండూ అప్పా," అన్నాడు మా ఆయన.

"ఇంత పొడుగుది ఈడ పెడితే నాలుగు కార్లు ఆగిపోతాయి. పైన ఘాటు రోడ్డు కూడా ఇయ్యాల కుదర్దు. ఎనక్కి తిప్పుకోండి."

అతని తప్పు లేదు. మా వెనక అప్పటికే హారన్లు మోగుతున్నాయి. నేను దిగి వెనక నిలబడి "రానీ, రానీ, ఆపు, ఆపు" అని అరుస్తుంటే, మా ఆయన కొంచెం కొంచెంగా తిప్పి బండిని బయటికి తెచ్చాడు. చీర చెమటకు తడిసిపోయింది. లోపలికి ఎక్కితే అక్క కిటికీ వైపు ముఖం పెట్టుకుని ఉంది.

"నా కోసరం మీకు ఈ అగసాట్లు," అంది.

ఆ మాట నాకు ఎండ కంటే ఎక్కువ తగిలింది. నీళ్ల సీసా అందించాను. అప్పుడు చెప్పింది, సంచి నిండిందని. బండి కదులుతుంటే ఆ పని చేసుకోవడం కుదరదు. ఎక్కడో ఒకచోట నీడలో, సమంగా ఉన్న నేల మీద ఆపాలి. కానీ రోడ్డు పొడుగునా ఒక పక్క కాలువ, ఇంకో పక్క పొలం గట్టు. అలా ఆళ్లగడ్డ దాకా వెనక్కి వచ్చేశాం. ఊరి బయట పెద్ద రోడ్డు మీద రాతి శిల్పాలు చెక్కే షెడ్లు వరుసగా ఉన్నాయి. వాటిలో ఒకదాని పక్కన వేపచెట్ల కింద ఖాళీ జాగా కనపడింది. అడగకుండానే అక్కడికి పోనిచ్చాడు మా ఆయన.

బండి ఆగగానే అక్క బాత్రూములోకి పోయింది. నేను కిందికి దిగాను. చుట్టూ సగం చెక్కిన విగ్రహాలు. ఒకదానికి ముఖం ఉంది, చేతులు ఇంకా రాతిలోనే ఉన్నాయి. షెడ్డులో రాయి కోసే మిషను ఆగింది. తెల్లటి దుమ్ము కొట్టుకున్న జుట్టుతో ఒక పెద్దాయన బయటికి వచ్చాడు. ఆయన వెనకే ఆయన భార్య, నా కంటే కొంచెం చిన్నది, కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

ఇక్కడా తిప్పుకోమంటారనే అనుకున్నాను. ముందే నేను చేతులు జోడించాను. "అడగకుండా పెట్టినాం, ఏమనుకోవద్దు. మా అక్కకు ఒంట్లో బాగలేదు. కొంచేపు ఉండి పోతాం."

"కొంచేపేంటిదమ్మా, ఉండండి," అంది ఆమె. "యాడ్నుంచి వస్తాండారు?"

"నంద్యాల."

పెద్దాయన మాత్రం బండి కింద తొంగి చూస్తున్నాడు. "ఆ బాత్రూము మురుగు యాడ పోస్తారన్నా?" అని మా ఆయనను సూటిగా అడిగాడు.

నాకు సిగ్గేసింది గానీ, అడగాల్సిన మాటే. పోయినేడు ఎవరో పెద్ద బండిలో వచ్చి, ఇక్కడి కాలువ పక్కన మురుగంతా వదిలి పోయారట, వాసనకు నాలుగు రోజులు పని చేయలేకపోయారట. మా ఆయన వంగి ట్యాంకు మూత చూపించాడు. "సుక్క కూడా బయట పడదు. నంద్యాలకు తీస్కపోయి మా ఇంటి గుంతలోనే పోస్తాం." పెద్దాయన మూతను చేత్తో తిప్పి చూసి, సరేనన్నట్టు తలాడించాడు.

"ఎనక పక్క వాలింది బండి," అన్నాడు తర్వాత. షెడ్డు పక్క కుప్పలోంచి పనికిరాని రాతి పలకలు రెండు తెచ్చి వెనక చక్రాల ముందు పరిచాడు. అక్క పని ముగించి మంచం మీద కూర్చున్నాక మా ఆయన బండిని వాటి మీదికి ఎక్కించాడు. లోపల బల్ల మీద పెట్టిన గ్లాసులో నీళ్లు సమంగా నిలిచాయి. ఇంట్లో నిలబడ్డట్టే ఉంది.

అక్క కిందికి దిగేసరికి ఆ పెద్దాయన భార్య ప్లాస్టిక్ కుర్చీ వేసి మజ్జిగ తెచ్చింది. అక్క తీసుకోవాలా వద్దా అని తటపటాయించింది. తాగితే మళ్లీ సంచి పని. ఆమె అడిగింది, "ఏమైందక్కా?" అక్క ఇంతవరకూ బంధువులకు కూడా చెప్పనిది, ముక్కూ ముఖమూ తెలియని ఆమెకు చెప్పేసింది. నేను విని ఆశ్చర్యపోయాను.

ఆమె ముఖం చిట్లించలేదు, అయ్యో అని కూడా అనలేదు. "నొప్పి ఏమన్నా అయితాదా?" అని అడిగింది.

"నొప్పి ల్యా. ఊర్లు తిరగాలంటేనే భయం."

"బయటికి వచ్చినావు గదా ఇప్పుడు. తాగు. నీ బాత్రూము నీ ఎనకాలే ఉండాది."

అక్క నవ్వింది. గ్లాసు ఖాళీ చేసింది.

సాయంత్రం మేం బయల్దేరతామంటే వాళ్లు వినలేదు. "రేపు ఆదివారం, ఇంకా జనం ఉంటారు. సోమవారం పొద్దున్నే పోండి, బండి పైకి పోనిస్తారు," అన్నాడు పెద్దాయన. "మీరు దేవుని కాడికేనా?"

"మేం చర్చికి పోయేవాళ్లం అన్నా," అంది అక్క దాచకుండా. "నీళ్లు సూడాలని వచ్చినా."

"నీళ్లు అందరివి గదా," అన్నాడాయన.

ఆదివారం పొద్దున మేం ముగ్గురం బండిలోనే ప్రార్థన చేసుకున్నాం. బయట ఉలి చప్పుడు కాసేపు వినపడలేదు. తర్వాత తెలిసింది, మా పాట వినపడి ఆయన పని ఆపాడని. మధ్యాహ్నం నేను మా చిన్న స్టవ్వు మీద అలసంద వడలు వేశాను. ఆమె రాగిముద్ద, గోంగూర తెచ్చింది. అందరం వేపచెట్ల కింద కూర్చుని తిన్నాం. చుట్టూ ఉన్న బొమ్మల్లో ఏది ఎవరి గుడికి పోతుందో ఆయన ఒక్కొక్కటి చూపించి చెప్పాడు. అక్క అన్నిటి కంటే ఎక్కువగా ఒక ఏనుగును మెచ్చుకుంది. దాని కళ్లు ఇంకా పెట్టలేదు.

సోమవారం పొద్దున రోడ్డు ఖాళీగా ఉంది. మొన్నటి విజిల్ మనిషి మమ్మల్ని గుర్తుపట్టి, "ఇయ్యాల పోండన్నా, పైన తిప్పుకోను జాగా ఉండాది," అని తనే చెయ్యి చూపించాడు. ఘాటు మీద మా ఆయన మొదటి గేరు, రెండో గేరు తప్ప వేయలేదు. ప్రతి మలుపుకూ హారను కొట్టాడు. నేను కిటికీలోంచి చూస్తూ "ఎవరూ ల్యారు, పోనీ" అంటూ వచ్చాను. పైన బండి నిలిపి, అక్కను పట్టుకుని నెమ్మదిగా వాగు దాకా నడిపించాం.

నీళ్లు ఎక్కువ లేవు. బండల మధ్య సన్నగా, తేటగా పారుతున్నాయి. అక్క చెప్పులు విప్పి చీర కొంచెం పైకి పట్టుకుని పాదాలు పెట్టింది. "సల్లగుండాయి," అంది. అంతే. చాలాసేపు అలాగే కూర్చుంది. మధ్యలో ఒకసారి లేచి బండి దాకా వెళ్లి వచ్చి మళ్లీ అదే బండ మీద కూర్చుంది. ఆ వెళ్లి రావడంలో దిగులు లేదు, దాచుకోవడం లేదు. మా ఆయన కొంచెం దూరంగా నిలబడి మా ఇద్దరినీ చూస్తూ ఉన్నాడు. ఈ మనిషికి నేను ఎప్పుడూ సరిగ్గా కృతజ్ఞత చెప్పలేదు. ఆ రోజు చెప్పాను. "ఏందిలే ఇప్పుడు," అని ఆయన తల తిప్పుకున్నాడు.

తిరుగుదారిలో శిల్పుల షెడ్డు దగ్గర ఆగాం. ఆ పెద్దాయన భార్య ఎదురొచ్చి ముందు అక్కనే అడిగింది, నీళ్లు చూసిందా అని. అక్క అంతా చెప్పింది. ఆమె మురిపెంగా వింది.

"నువ్వు పోయి ఎన్నాళ్లయింది?" అని అడిగింది అక్క.

"నేనా?" ఆమె మొగుడి వైపు చూసి నవ్వింది. "ఈయప్ప దినామూ దేవుళ్లను చెక్కుతాండాడు గానీ, నన్ను ఒక్క దేవుని కాడికి కూడా తీస్కపోల్యా."

పెద్దాయన తల గోక్కున్నాడు. అక్క వెంటనే అంది, "వానలు పడినంక మేం మళ్లొస్తాం. నువ్వు మా బండిలో రా."

మాటవరసకు అన్నదనుకున్నాను. వానలు పడ్డాయి. అక్కే గుర్తుచేసి బయల్దేరదీసింది. ఆ పొద్దు షెడ్డు ముందు ఆమె కొత్త చీర కట్టుకుని, చద్దిమూటతో సిద్ధంగా ఉంది. పెద్దాయనను ముందు సీట్లో మా ఆయన పక్కన కూర్చోబెట్టాం. అక్క తన మంచం మీద కిటికీ పక్క జాగా ఆమెకు ఇచ్చి, తను ఇటు జరిగింది. కొండలు కనపడేవరకూ ఇద్దరూ మాట్లాడుకుంటూనే ఉన్నారు.