భోజనం అయ్యిందమ్మా

యానాంలో జోసెఫినమ్మకి ఎదురుపడి తప్పించుకున్నవాళ్ళు లేరు. రేవు నుంచి వస్తున్నా, బ్యాంకుకి వెళుతున్నా, చివరికి పెళ్ళిచూపులకి బయలుదేరినా సరే, ఆపి మరీ అడుగుతుంది. "అన్నం తిన్నావా?" పొద్దున్నే పుల్లతో పళ్ళు తోముకుంటున్నవాణ్ణి కూడా అదే అడుగుతుంది. జవాబు కూడా ఎప్పుడూ ఒకటే. "అయ్యిందండి." ఆవిడ తృప్తిగా తలూపి ముందుకి సాగిపోతుంది. "మరి మీకో?" అని ఎవరైనా తిరిగి అడిగితే ఆవిడా "అయ్యింది" అనే అంటుంది. అయ్యిందో లేదో పైవాడికే తెలియాలి. పడవలు చేసే వడ్రంగి మరియదాసు, ఆవిడ భర్త, పోయి చాలా కాలమైంది. పిల్లలు లేరు. ఆస్పత్రిలో ఆయా ఉద్యోగం కూడా అయిపోయింది. ఆ ఒంటిగది ఇంట్లో పొయ్యి ఏ రోజు వెలిగిందో, ఏ రోజు వెలగలేదో చూసేవాళ్ళెవరు?

ఎనభై ఆరు వరదకి గోదారి ఊళ్ళోకి వచ్చేసినప్పుడు చర్చి పక్క రేకుల షెడ్డులో గంజి కేంద్రం పెట్టారు. నీళ్ళు తీశాయి. బురద ఎత్తుకున్నారు. జనం ఎవరిళ్ళకి వాళ్ళు వెళ్ళిపోయారు. ఇంక కేంద్రం మూసేద్దామనుకున్న రోజున చూస్తే, కొందరు ముసలివాళ్ళు కంచాలు పట్టుకుని వచ్చి ఎప్పటి చోట్లోనే కూర్చున్నారు. అంటే వరద వస్తేగాని వీళ్ళకి వేళకి అన్నం దొరకలేదన్నమాట! కొడుకులూ కూతుళ్ళూ వీధి నిండా ఉన్న ఊళ్ళో ఇదీ సంగతి. తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

రిటైరైన టీచరు విజయలక్ష్మిగారు, చర్చి ఫాదరుగారు కలిసి షెడ్డు మూయనివ్వలేదు. 'వృద్ధుల మధ్యాహ్న భోజన సేవ' అని బోర్డు రాయించారు. ఊరు ఆ బోర్డు చదవలేదు. "ముసలోళ్ళ హోటలు" అని పేరు పెట్టి ఊరుకుంది. వండేవాళ్ళు వండుతున్నారు, నడవగలిగినవాళ్ళు వచ్చి తింటున్నారు. నడవలేనివాళ్ళకి ఇంటికి క్యారేజీ పట్టుకెళ్ళే పని జోసెఫినమ్మ అడిగి మరీ తీసుకుంది. అన్నం తిన్నావా అని అడగడమే పనైతే అంతకన్న ఆవిడకేం కావాలి?

విజయలక్ష్మిగారు మొదటిరోజే ఒక మాట గట్టిగా చెప్పారు.

"ముందు అడగండి జోసెఫిన్. తింటామంటేనే పెట్టండి. వాళ్ళేం అడుక్కునేవాళ్ళు కాదు, వాళ్ళకీ అభిమానం ఉంటుంది. తిన్నామన్నవాళ్ళకి బలవంతాన పెడితే ఆ అన్నం పారబోస్తారు. అవతల ఇంకొకళ్ళు పస్తుంటారు."

మంచి మాటే. ఎవరూ వంక పెట్టలేని మాట. జోసెఫినమ్మ దాన్ని ఒట్టు పెట్టుకున్నట్టు పాటించింది.

ఫరంపేటలో ఉమామహేశ్వరం అనే ముసలాయన ఉన్నాడని కబురు తెచ్చింది పక్కింటి లక్ష్మి. అవతలి ఒడ్డున కోనసీమలో ఎక్కడో ఊరు. భార్య పోతే కూతురు భవాని తెచ్చి తన దగ్గర పెట్టుకుంది. భవాని బజారులో టైలరింగ్ షాపుకి పొద్దున్నే పోతుంది. అల్లుడు అమ్మిరాజు ఎదుర్లంక పంటు మీద పని. మనుషుల్నీ సైకిళ్ళనీ గోదారి దాటించి దాటించి చీకటి పడ్డాక వస్తాడు. ముసలాయన పొద్దుగూకులూ అరుగు మీద ఒక్కడే. ఈ ఊళ్ళో ఆయన్ని పేరు పెట్టి పిలిచేవాడు ఒక్కడు లేడు.

జోసెఫినమ్మ వెళ్ళింది. శుభ్రమైన పంచె, భుజాన తువ్వాలు, నిటారుగా కూర్చున్న మనిషి.

"బాబాయిగారూ, భోజనం చేస్తారా?"

"అయ్యిందమ్మా. అమ్మాయి పెట్టే ఎల్లింది."

సరే అనుకుని ఆ గిన్నె తరవాతి ఇంట్లో ఇచ్చేసింది. మర్నాడూ అడిగింది, అయ్యిందన్నాడు. ఆ మర్నాడూ అంతే. తినకపోయినా ఆయన్ని పలకరించే మనిషి కావాలి కదా అని, రోజూ ఆ అరుగు మీద కాసేపు కూర్చోవడం అలవాటు చేసుకుంది. అడగడం, అయ్యిందనడం, వానల గురించి నాలుగు మాటలు. ఆయనకీ ఆవిడ రాక బాగానే ఉన్నట్టుంది. దూరాన్నుంచి చూసి తువ్వాలు సర్దుకునేవాడు.

కాని మనిషి తగ్గిపోతున్నాడు. ముందు బుగ్గలు పోయాయి. తరవాత మెడ దగ్గర ఎముకలు తేలాయి. ఆస్పత్రిలో అంతకాలం పనిచేసిన ఆవిడకి ఆ చిక్కడం ఏమిటో బోధపడలేదు. దగ్గు లేదు, జ్వరం లేదు, విరేచనాలు లేవు. రోజూ కూతురు పెడుతోందంటాడు. పెట్టిన తిండి ఎక్కడికి పోతోంది?

ఒకరోజు తువ్వాలు జారింది. ముంజేతి మీద నాలుగు వేళ్ళు అచ్చుగా కమిలిపోయి ఉన్నాయి.

"ఇదేంటి బాబాయిగారూ?"

"గోడ తగిలిందమ్మా."

గోడకి వేళ్ళుంటాయా? జోసెఫినమ్మ నేరుగా పక్కింట్లోకి వెళ్ళి లక్ష్మిని నిలేసింది. లక్ష్మి గొంతు తగ్గించింది.

"అల్లుడు కేకలేత్తాడండి. రాత్రి అన్నాలేళకి రోజూ గొడవేనండి. ఆయన తింటంవైతే నేనెప్పుడూ సూళ్ళేదండి."

ఇంకేం కావాలి? అన్నీ కలిసిపోయాయి. తిండి పెట్టరు, కొడతారు, ముసలాయన పరువు కోసం దాస్తున్నాడు. జోసెఫినమ్మ కోపంతో ఊగిపోతూ విజయలక్ష్మిగారి దగ్గరికి వెళ్ళి మొత్తం చెప్పింది. భవానిని ఒక్క మాట అడుగుదామన్న ఆలోచన కూడా రాలేదు. అడగడమే పనిగా పెట్టుకున్న మనిషికి అడగాల్సిన చోట నోరు రాలేదు చూడండి!

విజయలక్ష్మిగారు, ఫాదరుగారు మాట్లాడుకున్నారు. కాకినాడలో తెలిసిన ఆశ్రమం ఉంది. సోమవారం జీపు పంపిస్తామన్నారు. ముసలాయన్ని అక్కడ చేర్చేస్తే ప్రాణానికి భయం ఉండదు. ఫాదరుగారే భవానికి కబురు చేశారు. మీ నాన్నగార్ని ఆశ్రమానికి తీసుకెళుతున్నాం, అడ్డు చెప్పవద్దు, అని.

ఆదివారం పూజ అయ్యి జనం బయటికి వస్తుండగా అమ్మిరాజు షెడ్డు ముందుకి వచ్చి నిలబడ్డాడు. పంటు మీద అరిచి అరిచి అలవాటైన గొంతు. వీధంతా ఆగిపోయింది.

"ఎవరండీ మావయ్యగారికి తిండెట్టట్లేదన్నది? ఏవండీ జోసెఫినమ్మగారూ, మీరేనా? మధ్యాన్నం మీరెడతన్నారనే కదండీ మా ఆవిడ వండి పెట్టటం మానేసింది!"

"నేనా? నేనెప్పుడు పెట్టాను?"

"రోజూ మీరే పెడతన్నారంటన్నాడు కదండీ ఆయన!"

"ఆ చెయ్యి మీద దెబ్బ మాటేంటి మరి?"

అమ్మిరాజు గొంతు కొంచెం తగ్గింది. "కళ్ళు తిరిగి గుమ్మంలో పడబోతే పట్టుకున్నానండి. గట్టిగానే పట్టుకున్నాను. కేకలూ ఏశానండి, లేదన్లేదు. తినండి మావయ్యగారూ అంటే తినడు. ఏం సెయ్యమంటారు?"

నిజమా? అబద్ధమా? జోసెఫినమ్మ తేల్చుకోలేకపోయింది. కొట్టినవాడు ఇలాగే మాట్లాడతాడు. కొట్టనివాడూ ఇలాగే మాట్లాడతాడు. ఆ వేళ్ళ గుర్తుల్ని చూసి ఏది ఏదో చెప్పడం ఎవరివల్ల అవుతుంది? కూతురు పెట్టిందని తనతో అన్నాడు. తను పెడుతోందని కూతురితో అన్నాడు. మతి తప్పిందేమో అన్నారు విజయలక్ష్మిగారు. మతి తప్పినవాడు వానల గురించి అంత వరసగా మాట్లాడతాడా? ఆ పూట ఆవిడ ఎవర్నీ అన్నం తిన్నావా అని అడగలేదు. భయం వేసింది.

సాయంత్రం దీపాలు పెట్టే వేళకి ఫరంపేట వెళ్ళింది. తిడతారనే అనుకుంది. భవాని తిట్టలేదు. ఏడ్చి ఏడ్చి ఉన్న మొహంతో పీట వాల్చింది. అప్పుడే అన్నం వార్చినట్టుంది, గంజి వాసన వస్తోంది. ముసలాయన గోడకి ఆనుకుని కూర్చున్నాడు. రేపు పొద్దున్న జీపు వస్తుందని ఆయనకీ తెలుసు. తువ్వాల్లో రెండు పంచెలు మూట కట్టి పక్కన పెట్టుకున్నాడు.

భవాని గరిటె పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. "నాన్నా, అన్నం తింటావా?"

"అయ్యిందమ్మా. మధ్యాన్నం ఈవిడే కడుపునిండా పెట్టింది."

ఎదురుగా కూర్చున్న మనిషిని చూపించి మరీ అన్నాడు. ఆడవాళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"రోజూ ఇదేనండి పిన్నిగారూ," అంది భవాని. "మజ్జిగ సేతికిత్తే తాగుతాడు. టీ ఇత్తే తాగుతాడు. అన్నం తింటావా అంటే మాత్రం అయ్యిందంటాడు. మీ దగ్గర తింటన్నాడు కదా అని ఊరుకున్నానండి. మా అమ్మున్నప్పుడు ఇలా లేదండి. రెండోసారీ మూడోసారీ పెట్టించుకునీవోడు."

"మీ అమ్మ ఏమని అడిగేది?"

భవాని ఆలోచించింది. "మా అమ్మ అడిగీది కాదండి. కంచం పెట్టేసి, 'లెగండి, కాళ్ళు కడుక్కోండి' అనీది. నాన్న పెళ్ళిళ్ళల్లో వడ్డన సేయించీవోరండి. ఏ ఊళ్ళో పెళ్ళైనా పంక్తి నడిపించేది ఈయనే. ఏ కుర్రోడైనా గిన్నె పట్టుకుని 'ఎయ్యమంటారా' అని అడిగేడో, అక్కడే తిట్టీవోరు. అడుగుతున్నావంటే నీకు పెట్టటం ఇష్టం లేదనేరా, అనీవోరండి."

ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని తెలిసి భవాని చటుక్కున ఆగిపోయింది.

ఇంత చిన్న సంగతా? ఒక మాటకి మనిషి ఇంత చిక్కిపోతాడా? జోసెఫినమ్మకి నమ్మబుద్ధి కాలేదు. కాని అల్లుడి ఇంట్లో కూర్చున్న మనిషిని తింటావా అని అడిగితే ఏమంటాడు? ఎక్కడినుంచో క్యారేజీ తెచ్చిన పరాయి మనిషి తింటావా అంటే ఏమంటాడు? అయ్యిందనక ఇంకేం అంటాడు? ఇద్దరూ ఎంతో మర్యాదగా, రోజూ తప్పకుండా అడిగి అడిగి ఆయన్ని పస్తు పెట్టారు.

జోసెఫినమ్మ లేచి, కంచం కడిగి, అన్నం వడ్డించింది. పప్పు వేసింది. వంకాయ కూర వేసింది. కంచం పీట ముందు పెట్టి, చెంబుతో నీళ్ళు ఆయన పక్కన పెట్టింది.

"లెగండి బాబాయిగారూ. కాళ్ళు కడుక్కోండి. సల్లారిపోతంది."

ఆయన ఆవిడ వైపు చూశాడు. కూతురి వైపు చూశాడు. మూట వైపు కూడా చూశాడు. గోడ పట్టుకుని లేచాడు. పెరట్లో నీళ్ళ చప్పుడైంది. వచ్చి కూర్చుని తిన్నాడు. భవాని ఏమీ అడగకుండా మారు వేసింది. వద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టాడు, వేళ్ళ సందుల్లోంచి పడేలా వేసేసింది. అప్పుడు తండ్రి నవ్వాడు. నవ్వుతూనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు.

పంటు దిగి వచ్చిన అమ్మిరాజు గుమ్మంలో ఆగి చూశాడు. బయట అరుగు మీద కూర్చుండిపోయాడు.

మర్నాడు జీపు రాలేదు. జోసెఫినమ్మే రాత్రి వెళ్ళి చెప్పి ఆపించింది. "అడగకుండా పెడితే వాళ్ళ అభిమానం దెబ్బ తింటుందనుకున్నాను," అన్నారు విజయలక్ష్మిగారు. "నాకూ అలాగే అనిపించిందండి," అంది జోసెఫినమ్మ. ఆ చేతి మీద గుర్తుల సంగతి మాత్రం ఇద్దరికీ తేలలేదు. జోసెఫినమ్మకి అమ్మిరాజు మాట నమ్మాలనే ఉంది. నమ్మినా, రోజూ వెళ్ళినప్పుడల్లా తువ్వాలు పక్కకి తీసి ఆ చెయ్యి చూడాలనుకుంది. చూస్తానని అతనికి మొహం మీదే చెప్పింది. అతను "సూడండి" అన్నాడు.

ఆ రాత్రి ఇంటికి నడుస్తుంటే కనకాలపేట తెరేసమ్మ గుర్తొచ్చింది. ఒంటరి ముసలమ్మ. క్యారేజీ పట్టుకెళితే, "అయ్యిందే తల్లీ, ఇంకొకళ్ళకిచ్చుకో," అనేది. వానాకాలంలో పోయింది. వయసైపోయింది అన్నారందరూ. తనూ అలాగే అనుకుని సమాధి మీద పువ్వులు పెట్టి వచ్చింది. ఆవిడ తిని ఆ మాట అన్నదా, తినక అన్నదా? ఇప్పుడు ఎవర్ని అడిగేది?

సోమవారం మధ్యాహ్నం ఫరంపేట వెళ్ళింది. ఏమీ అడగలేదు. కంచం పెట్టి, "లెగండి" అంది. ఆయన లేచాడు. భోజనం సగంలో ఉండగా క్యారేజీ వైపు చూశాడు.

"ఆ అడుగు గిన్నెలోది ఎవరికమ్మా?"

"మిగిలిందండి. షెడ్డుకి తిరిగి పట్టుకెళ్ళిపోతాను."

ఆయన ఆవిడ మొహాన్ని, మెడ ఎముకల్ని, గాజులు వదులైన చేతుల్ని చూశాడు. ఎన్నో పంక్తులు చూసిన కన్ను అది.

"నాకు అయ్యింది బాబాయిగారూ," అంది జోసెఫినమ్మ, ఆయన ఇంకా నోరు తెరవకుండానే.

ఆయన వినిపించుకోలేదు. తింటున్నవాడు ఎడమచేత్తో నేల ఊనుకుని లేచి, ఇంకో కంచం తెచ్చి, తన కంచానికి ఎదురుగా పెట్టాడు. ఆ గిన్నె మూత తీసి ఎడమచేత్తోనే అన్నమంతా అందులోకి వంచాడు. నీళ్ళ చెంబు ఆవిడ వైపు జరిపాడు.

"కాళ్ళు కడుక్కో అమ్మా."

మరియదాసు పోయాక ఆవిడతో ఎవరూ అనని మాట అది. జోసెఫినమ్మకి అప్పుడు ఆకలి వేసింది. చెంబు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.