వంతెన ఇవతలి డ్రైవరు

“వంతెన ఎక్కానంటే నా పని అయిపోయినట్టే.”

రోజూ పొద్దున ఖాళీ స్కూలు వ్యాన్‌లో కూర్చుని, తాళం తిప్పే ముందు ఆయన పైకే అనుకునే మాట ఇది. వినడానికి పక్కన ఎవరూ ఉండరు గనక ధైర్యంగా అనేవాడు. పిల్లలు ఎక్కాక మాత్రం నోరు కట్టుకునేవాడు. గతుకు కనిపిస్తే ఇరవై అడుగుల ముందే బ్రేకు మీద కాలు పెట్టే మనిషి కాబట్టి పిల్లలు ఆయనకు ‘నిదానం తాతయ్య’ అని పేరు పెట్టారు. పోను పోను పెద్దవాళ్లకూ అదే అలవాటైంది.

ఊరికి తూర్పున ఏరు, ఏటి మీద వంతెన, వంతెన అవతల వేరే రాష్ట్రం. రెండేళ్ల క్రితం దాకా ఆయన అక్కడే సరుకుల బండి నడిపేవాడు. ఒకసారి ఫోను మోగితే ఒక్క క్షణం చూపు అటు తిప్పాడు. సైకిలు మీద వెళ్తున్న పెద్దమనిషికి బండి తగిలి భుజం ఎముక విరిగింది. అక్కడి రవాణా ఆఫీసువాళ్లు మూడు నెలలు లైసెన్సు సస్పెండ్ చేశారు. అయితే ఆ లైసెన్సు ఇచ్చింది ఆయన పుట్టిన రాష్ట్రం, ఎక్కడో దూరాన. అందుకని కార్డు ఎవరూ తీసుకోలేదు, జేబులోనే ఉండిపోయింది. సస్పెన్షన్ ఏటికి అవతలే ఉండిపోయిందని మనసుకు సర్దిచెప్పుకుని, అదే కార్డు చూపించి ఇవతల స్కూలు వ్యాన్‌లో చేరాడు. ఓనరు కార్డు మీద ఫొటో చూశాడు, మొహం చూశాడు, తాళం ఇచ్చాడు.

ఇది చెల్లుతుందా అని ఆయన ఎవరినీ అడగలేదు. అడిగితే చెల్లదంటారేమోనని భయం.

పిల్లలను దింపాక మిగతా డ్రైవర్లు బడి గోడ నీడలో చేరి టిఫిన్ డబ్బాలు విప్పేవారు. కబుర్లు ఎటు తిరిగినా చివరికి చెకింగుల దగ్గరికే వచ్చేవి. అందుకే ఆయన వ్యాన్‌లోనే, వెనక సీట్లో ఒక్కడే కూర్చుని తినేవాడు.

“మహారాజుగారు మనతో కలవరు లెండి!” అని ఎగతాళి చేసేవారు. నవ్వేసి ఊరుకునేవాడు.

కూతురి కాపురం వంతెన అవతల. ఒక ఆదివారం బస్సులో వెళ్తే, అల్లుడు కారు తాళాలు చేతిలో పెట్టి, “మామయ్యా, పిల్లల్ని అలా ఒక రౌండు తిప్పుకురండి” అన్నాడు. నడుం పట్టేసిందని తప్పించుకున్నాడు. ఆ తర్వాత వెళ్లడమే మానేశాడు.

“ఏం నాన్నా, పది నిమిషాల దూరం. వ్యాన్ వేసుకుని రాలేవా?”

“ఓనరు ఒప్పుకోడమ్మా.”

“పోనీ బస్సులో రా.”

“నడుం...”

“నీ నడుం ఆదివారాలే నొప్పెడుతుందా?”

కూతురు టక్కున ఫోను పెట్టేసేది. టైర్ల షాపు పైన ఉన్న ఒంటి గదిలో, మంచం అంచున కూర్చుని, ఆయన ఇంకా ఫోను చెవి దగ్గరే పెట్టుకుని ఉండేవాడు.

ఒక సోమవారం మధ్యాహ్నం పిల్లలను ఇళ్లకు చేర్చే దారిలో నీళ్ల పైపు పగిలి రోడ్డు తవ్వేశారు. పోలీసు చెయ్యి ఊపుతూ బండ్లన్నిటినీ వంతెన మీదికి మళ్లిస్తున్నాడు. అవతల రెండు కిలోమీటర్లు వెళ్లి, అక్కడున్న పాత వంతెన మీదుగా వెనక్కి రావాలి. వ్యాన్‌లో పదకొండు మంది పిల్లలు. రెండు కిలోమీటర్లే కదా, ఎవరు చూడొచ్చారు? ఒకవేళ ఎవరైనా ఆపితే? కార్డు చూపిస్తే? నంబరు కొట్టి చూస్తే?

ఈ ఆలోచనలో ముందు స్కూటరు ఆగిన సంగతి చూసుకోలేదు. చివరి క్షణంలో బ్రేకు తొక్కాడు. సంచులు, నీళ్ల సీసాలు దభీమని ముందుకు దొర్లాయి.

“తాతయ్యా, నువ్విలా ఎప్పుడూ తొక్కవుగా!” అంది ముందు వరసలో పాప.

ఆయన అద్దంలో పిల్లలందరినీ ఒకసారి చూశాడు. వ్యాన్ పక్కకు తీసి, ఇంజను ఆపి, ఓనరుకు ఫోను చేశాడు.

“ఇంకో డ్రైవర్ని పంపండి సార్.”

“బండికేమైంది?”

“బండికేం కాలేదు. నేనే నడపకూడదు.”

ఓనరు కబురు చేస్తే వచ్చిన తల్లిదండ్రుల్లో అందరికంటే ముందు చేరింది ఆ పాప తల్లి. దగ్గర్లోనే నీటి పరీక్షల ల్యాబ్‌లో పని. ఈ కథ రాస్తున్నది ఆమే. వస్తూనే పిల్లలను రెండుసార్లు లెక్కపెట్టింది.

“ఏమైంది బాబాయ్?”

ఆయన దాచకుండా అంతా చెప్పాడు.

“రెండేళ్లుగా మా పాప ఈ బండిలోనే...” కోపంగా అంటూనే ఆమె పాపను దగ్గరికి లాక్కుంది.

“అవునమ్మా” అన్నాడు.

ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. మర్నాడు బస్సెక్కి అవతలి ఆఫీసుకు వెళ్లాడు. కిటికీ వెనక గుమాస్తా ఫైలు తిరగేశాడు.

“మూడు నెలలదే కదయ్యా ఇది! ఒక రోజు క్లాసు, కంటి పరీక్ష, ఒక దరఖాస్తు. అవి అయితేనే ఎత్తేస్తాం. నువ్వు రాలేదు, అది అలాగే ఉంది.”

“మరి ఏటికి అటుపక్క నడిపింది?”

“అదీ తప్పే. వంతెన దాటితే కొత్త మనిషివైపోతావా?”

ఒక్కసారి వచ్చి ఉంటే తీరిపోయేదానికి రెండేళ్లు దాక్కున్నాడు. అక్కణ్నుంచి కూతురింటికి నడిచి వెళ్లాడు. తాళం వేసి ఉంది. ఆమె పని నుంచి వచ్చేదాకా మెట్ల మీద కూర్చున్నాడు.

అంతా విని కూతురు పక్కనే మెట్టు మీద కూర్చుంది. “నాతో మాట్లాడ్డం ఇష్టం లేక రావట్లేదనుకున్నాను నాన్నా” అంది.

సస్పెన్షన్ నెల రోజుల్లో ఎత్తేశారు. వ్యాన్ మాత్రం మళ్లీ చేతికి రాలేదు. ఓనరును ఆయన తప్పుపట్టడు. ఇప్పుడు తన గది కిందనే టైర్లలో గాలి నింపుతున్నాడు. ఆదివారాలు బస్సులో వంతెన దాటుతాడు. మిగిలిన ఆరు రోజులూ మాట్లాడే మనిషి దొరకడం ఇప్పటికీ అరుదే.

ఈ మధ్య ఆ పాప తల్లి గాలి కోసం అక్కడ ఆగింది. పాపకు జ్వరం. పొద్దున్నుంచి ఎన్ని డిగ్రీలు, మందు వేసి ఎన్ని గంటలు, ఏ పరీక్ష చేయించాలి అని లెక్కలు వేసుకుంటూ కారును షాపు ముందున్న సిమెంటు గట్టు ఎక్కించేసింది.

ఆయన టైరు చూశాడు, ఆమె మొహం చూశాడు.

“భయపడాల్సి వస్తే బండి పక్కన ఆపి భయపడమ్మా. నడుపుతూ భయపడకు.”

ఇప్పుడామె అలాగే చేస్తోంది. బడి నుంచి ఫోను వస్తే ముందు కారు పక్కకు తీస్తుంది, ఇంజను ఆపుతుంది, భయపడాల్సినంతా అక్కడే కూర్చుని భయపడుతుంది. ఆ తర్వాతే బయల్దేరుతుంది.