పడుకుంటే పోయే తలనొప్పి

ముప్పై ఏళ్లు అంబత్తూరులో ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పాను. లెక్కల పరీక్ష రోజున వచ్చే కడుపునొప్పులన్నీ నాకు తెలుసు. మొహం చూసి దొంగనొప్పి పట్టేస్తానని నాకో పేరు, దాని మీద కొంచెం పొగరు కూడా.

ఆ పొగరంతా నా కూతురి మీద చూపించాను. కాన్పునొప్పులు తెలియకుండా తను నడుములో ఎపిడ్యూరల్ సూది వేయించుకుంది. మేమంతా నొప్పులు పడే కన్నాం కదా అని నా ఏడుపు. ఆడపిల్ల పుట్టింది. ఇంటికొచ్చిన మర్నాటి నుంచి తలనొప్పి అనడం మొదలుపెట్టింది.

"కూర్చుంటే తల పగిలిపోతా ఉందిమా. పండుకుంటే ఏమీ లేదు."

"పండుకుంటే పోయేది తలనొప్పి కాదు, సోమరితనం," అన్నాను.

బిడ్డ ఏడిస్తే లేచి, గోడకు తల ఆనించి, కళ్లు మూసుకుని పాలిచ్చేది. బిడ్డ నోరు వదలగానే పక్క మీద వాలిపోయేది. చూడటానికి వచ్చిన మా తోటికోడలి ముందే, "ఈడ పనుంటేనే వస్తాది దానికి తలనొప్పి," అన్నాను. నా కూతురు గోడవైపు తిరిగి పడుకుంది.

నాలుగో రోజు బలవంతాన పీట మీద కూర్చోబెట్టి తలంటాను. సాంబ్రాణి పొగ వేసేలోపు నా చీర మీద వాంతి చేసుకుని పక్కకి ఒరిగింది. అప్పుడు భయం వేసింది. ఆటోలో నా ఒళ్లో పడుకోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లాను.

మత్తుమందు ఇచ్చే డాక్టరమ్మ అడిగిన మొదటి ప్రశ్న, పడుకుంటే తగ్గుతుందా అని. అవునని చెప్పింది నా కూతురు. అరుదుగా ఆ సూది వెన్నులోని పొరకు చిల్లు పెడుతుందట. అందులోంచి నీరు కారిపోతుంటే, కూర్చున్నప్పుడల్లా తల అలా పగిలిపోతుందట. తన చేతి రక్తమే కొంచెం తీసి నడుములో ఎక్కిస్తే చిల్లు మూసుకుంటుందని చెప్పింది. పడుకుంటే తగ్గుతుందని ఇంత సరిగ్గా ఎవరు గమనించారని తమిళంలో అడిగింది.

"మా అమ్మే కనిపెట్టింది," అంది నా కూతురు.

నా పరువు కాపాడటానికే అలా అందని నాకు తెలుసు. డాక్టరమ్మ నావైపు తిరిగి మెచ్చుకుంది. సిగ్గుతో చచ్చిపోయాను గానీ, కాదని చెప్పలేదు. తల ఊపాను.

రక్తం ఎక్కించాక, ఆ సాయంత్రమే నా కూతురు నిటారుగా కూర్చుని బిడ్డకు పాలిచ్చింది. ఇప్పుడు మనవరాలికి రెండేళ్లు. మా తోటికోడలికి కూడా, అమ్మ కనిపెట్టబట్టే బయటపడ్డానని చెప్పింది తను. నేను అక్కడే ఉన్నాను, కాఫీ కలుపుతున్నాను.