పెద్దమ్మ గట్టు మీద పూలు పీకిన మొనగాడు

మొన్న మా రాజోలు దగ్గర రైతులందర్నీ షామియానా కింద కూర్చోబెట్టి, నా మనవడి ఈడు ఆఫీసరు ఒకడు తెర మీద బొమ్మలేసి మరీ, వరిచేను గట్ల మీద బంతి, నువ్వులు వేసుకోండి, ఆ పూలకి మంచి పురుగులు చేరి చెడ్డ పురుగుల్ని తినేస్తాయి అని సెలవిచ్చేడు. తాతకు దగ్గులు నేర్పడమంటే ఇదే. బంతి మొక్క పట్టుకుని ఫొటో కూడా దిగేడండీ, దాన్ని తనే కనిపెట్టినట్టు! జనం ఆయ్, ఆయ్ అని తలలూపేరు. నాకు ఒళ్లు మండిపోయింది. అయితే ఆ మంటంతా ఆ కుర్రాడి మీద కాదు, వాడి ఈడులో నేను అంతకంటే పెద్ద వెధవని.

మా పెద్దమ్మకి ఉన్నది ఒక్క ఎకరం. పెదనాన్న పోయేక ఆవిడ ఏడాది తిండి అందులోంచే రావాలి. అక్షరం ముక్క రాదు గానీ, నాట్లు అవుతూనే గట్టు పొడుగునా బంతి నారు గుచ్చేది, మధ్యమధ్య నువ్వులు చల్లేది. ఎందుకంటే వాళ్లమ్మ వేసేదట, అంతే. మన ఈడువాళ్లకి గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో కందో బెండో లేని ఉత్త గట్టుని చూస్తే నవ్వేవారు. పెద్దమ్మ గట్టు మీద మాత్రం పొద్దెక్కేసరికి తూనీగలు, సన్నటి కందిరీగలు, ఎర్రటి వీపు మీద నల్లచుక్కల అక్షింతల పురుగులు సంతలా తిరిగేవి.

నేనప్పుడే పురుగుమందుల షాపులో కుదిరేను. మందుల కంపెనీవాళ్లు రెండ్రోజులు మీటింగు పెట్టి ఓ టోపీ ఇచ్చేసరికి శాస్త్రవేత్తనైపోయేననుకున్నాను. మా షాపు శాస్త్రమంతా ఒకటే ముక్క, పురుగు కనపడితే మందు కొట్టు. అదేం పురుగు, ఏం తింటుంది అని అడిగిన పాపాన పోలేదు. ఆ తెలివితో, చేను ఇంకా కంకి వెయ్యక పొట్ట మీదుండగా తగుదునమ్మా అని వెళ్లి, పూల మీద ఆ పురుగుల్ని చూసి దొంగ దొరికేడన్నట్టు ఎగిరిపడ్డాను. అక్షింతల పురుగు చేసిన నేరమల్లా పేరు చివర పురుగని ఉండటమే! పూలే చేలోకి పురుగుని పిలుస్తున్నాయని తీర్పు చెప్పేను. అవి ఎప్పుడూ ఉండేవే కదరా నాయనా, అంది పెద్దమ్మ. చదువుకున్నది నువ్వా నేనా అన్నాను. ఛీ, ఇప్పటికీ నాలిక కోసుకోవాలనిపిస్తుంది. ఆవిడ పక్కకి తప్పుకుంది. మొక్కలన్నీ నా చేత్తోనే పీకేసి, స్ప్రేయరు వీపుకి తగిలించుకుని చేనంతా మందు కొట్టేను.

కొన్నాళ్లకి దిగింది సుడిదోమ, వరి దుబ్బుల మొదట్లో చేరి రసం పీల్చేసేది. గింజ పాలుపోసుకునే వేళకి చేను చాపలు చాపలుగా మాడిపోయింది. ఎన్నడూ ఒకరి గుమ్మం ముందు చేట పట్టని మనిషి, ఆ ఏడాది మా అమ్మ కొలిచిచ్చిన బియ్యంతో పొయ్యి వెలిగించింది. కోతలయ్యేక షాపుకొచ్చిన పెద్దరైతు ఒకాయన సంగతి విని, దోమని తినేవాటిని చంపి దోమకి విందు చేసేవురా అని మొహమ్మీదే గడ్డి పెట్టేడు.

పెద్దమ్మ తిట్టుంటే బాగుండేది. మరుసటి ఏడు నాట్లయ్యేక వెళ్తే గట్టు బోడిగా ఉంది. నువ్వు ముందే చెప్పేవు నాయనా, నువ్వు పీకేలోపే ఆ పూలు పురుగుని పిలిచి కొంప ముంచేయి, ఇన్నేళ్లూ తెలియక పెంచేను అని తనే నొచ్చుకుంది. అప్పటికి నాకు నిజం తెలుసు. అయినా షాపులో పరువు పోతుందని నోరు మెదపలేదు. ఆవిడ ఉన్నన్నాళ్లూ ఆ గట్టు మీద మళ్లీ పువ్వు పుయ్యలేదు.

ఇప్పుడా చేనే లేదు, రొయ్యల చెరువైపోయింది, ఆ చుట్టుపక్కల తూనీగ కనపడి ఎన్నాళ్లయిందో. పోయినవాటిలో సగం, తెలివైనవాళ్లమనుకుని మనం పోగొట్టుకున్నవేనండీ. పెద్దమ్మ మాత్రం తప్పు తనదేననుకుంటూ వెళ్లిపోయింది.