టీచర్‌గారు ఏమీ నొక్కలేదు

నిన్న పొద్దున్న షాపు షట్టర్ సగం ఎత్తి ఫోన్ చూసుకున్నాను. చర్చి గ్రూప్‌లో మెసేజ్.

సుగుణ టీచర్‌గారు ఇక లేరు.

షట్టర్ అలాగే వదిలేసి మెట్టు మీద కూలబడిపోయాను. 

నిన్నటి నుంచీ అందరూ మంచి మాటలు రాస్తున్నారు. నిడదవోలులో మాలాంటివాళ్ళు ఎంతమందికి తెలుగు చెప్పారో, మన చర్చిలో పాటలు పాడే క్వైర్‌ని ఎన్నేళ్ళు నడిపించారో. అన్నీ నిజమే.

నేను మాత్రం నా తప్పు రాయాలి. ఆవిడ ఉండగా చెప్పే ధైర్యం లేకపోయింది.

నాది మొబైల్ షాపు. చర్చిలో పాటలు స్క్రీన్ మీద వేసే లాప్‌టాప్ డ్యూటీ కూడా నాదే.

రిటైరయ్యాక టీచర్‌గారు మొదటి స్మార్ట్‌ఫోన్ నా దగ్గరే కొన్నారు. అన్నీ సెట్ చేసి చేతికిస్తే, "ఇంటర్నెట్ చూడ్డానికి ఇదొక్కటేనా ఉన్నది?" అన్నారు.

"ఫోన్‌తో వచ్చే బ్రౌజర్ అండి. అందరూ ఇదే వాడతారు."

"రేషన్ బియ్యమా ఏంటిరా, ఇచ్చింది పట్టుకెళ్ళడానికి? ఇంకేమున్నాయో చూపించు."

స్టూల్ మీద కూర్చుని మూడు బ్రౌజర్లు వేయించుకున్నారు. ఒక్కోదాని గురించీ ఒకటే ప్రశ్న. "నేను చూసినవి ఇది ఇంకెవరికైనా చెప్తుందా?"

నాకు తెలీదు. షాపు నాది, చదివి తెలుసుకున్నది ఆవిడ. చివరికి, మూయగానే చూసినవన్నీ చెరిపేసేదాన్ని ఎంచుకున్నారు.

నేను నవ్వాను. "మీకేం రహస్యాలుంటాయండి టీచర్‌గారూ?"

"ఉన్నా లేకపోయినా, నా బీరువా తాళం నా దగ్గరే ఉంటుందిరా."

ఈ మాట చాలామందికి జోక్‌లా చెప్పుకున్నాను. సిగ్గేస్తోంది.

ఈ ఏడాది ఈస్టర్‌కి ముందు శ్రమదినాల్లో ఫోన్ హ్యాంగ్ అవుతోందని తెచ్చారు. షాపు రష్‌గా ఉంది. మెమరీ నిండిపోయిందని ఆవిడ బ్రౌజర్ తీసేశాను. ఫోన్‌తో వచ్చిందే డిఫాల్ట్ పెట్టేశాను. క్వైర్ పాటలు తేలిగ్గా దొరుకుతాయి కదా అని, చర్చి లాప్‌టాప్‌లో ఉన్న అకౌంట్‌తోనే లాగిన్ చేసేశాను.

అడగలేదు. "ఫాస్ట్ అయిపోయిందండి" అని మాత్రం చెప్పి ఇచ్చాను.

ఆవిడ ఫోన్‌లో వెతికింది చర్చి లాప్‌టాప్‌లో కూడా కనపడుతుందన్న ఆలోచన నాకు రావాలి. నేను చేసే పనే అది. రాలేదు.

గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం. ఆరాధన మధ్యలో ఒక కీర్తన కోసం లాప్‌టాప్‌లో సెర్చ్ మీద నొక్కాను. కింద పాత సెర్చ్‌లు వరసగా దిగాయి. పెద్ద స్క్రీన్ మీద.

గొంతులో గడ్డ కాన్సరేనా.

రిటైర్డ్ టీచర్లకి హెల్త్ కార్డ్.

గొంతు ఆపరేషన్ తర్వాత పాట పాడగలమా.

లాప్‌టాప్ మూసేలోపే మందిరమంతా చదివేసింది. క్వైర్‌లో రిటైర్డ్ టీచర్ ఒక్కరే. నెల రోజులుగా గొంతు బొంగురుపోయి, జలుబు అని చెప్తున్నదీ ఆవిడే.

పాస్టర్‌గారు ప్రేమతోనే అందరినీ నిలబెట్టి, ఆవిడ పేరు పెట్టి ప్రార్థన చేశారు. ఎవరికి ఒంట్లో బాలేకపోయినా మనం అలాగే చేస్తాం. కానీ ఆవిడ చెప్పమనలేదు. చేతిలో మట్ట పట్టుకుని తల దించుకుని కూర్చున్నారు.

తణుకులో ఉన్న సొంత తమ్ముడికి కూడా ఆవిడ ఇంకా చెప్పలేదు. మధ్యాహ్నానికల్లా ఎవరో ఫోన్ చేసి చెప్పేశారు.

గుడ్ ఫ్రైడే రోజు ఒక్కరే పాడే కీర్తన ఎప్పుడూ ఆవిడదే. "మీరు రెస్ట్ తీసుకోండి టీచర్‌గారూ" అని చర్చి పెద్దలు దాన్ని వేరేవాళ్ళకి ఇచ్చేశారు.

ఆ పాట అయ్యాకే ఆపరేషన్ అని ఆవిడ డాక్టర్‌గారిని బతిమాలి ఒప్పించుకున్నారట. ఇది నాకు తర్వాత తెలిసింది.

రాజమండ్రిలో ఆపరేషన్ అయింది. అప్పటికి ప్రాణం నిలిచింది గానీ గొంతు పోయింది. ఆఖరిసారి పాడాలన్న ఆ ఒక్క కోరికా నా మూలంగా తీరలేదు.

ఇంతకంటే సిగ్గుపడాల్సింది ఇంకొకటి ఉంది. ఆ మట్టల ఆదివారమే, అసలు ఆ సెర్చ్‌లు స్క్రీన్ మీదికి ఎలా వచ్చాయని సంఘపెద్ద ఒకాయన నన్నడిగారు.

"పెద్దావిడ కదండీ, ఏదో నొక్కేసుంటారు" అన్నాను.

తిరిగి చూస్తే టీచర్‌గారు నా వెనకే ఉన్నారు.  చెప్పులు వేసుకుని వెళ్ళిపోయారు.

ఆపరేషన్ తర్వాత ఒకసారి స్క్రీన్‌గార్డ్ వేయించుకోవడానికి షాపుకొచ్చారు. మాట లేదు కదా, చీటీ మీద రాసి చూపించారు. బోర్డు మీద రాసినట్టే గుండ్రంగా. "కిరణ్, పిల్లలు బాగున్నారా?"

షాపులో అప్పుడు ఇంకెవరూ లేరు. చెప్పేసి ఉండొచ్చు. బాగున్నారండి అని తల దించుకుని స్క్రీన్ తుడుస్తూ కూర్చున్నాను.

నిన్న మధ్యాహ్నం తమ్ముడుగారి అమ్మాయి ఆవిడ ఫోన్ లాక్ తీసి నా చేతికిచ్చింది, సమాధి కార్యక్రమంలో స్క్రీన్ మీద వెయ్యడానికి అందులోంచి ఆవిడ ఫోటో ఒకటి తియ్యమని.

చూశాను. ఆవిడ బ్రౌజర్ మళ్ళీ ఉంది. డిఫాల్ట్ కూడా అదే. చర్చి అకౌంట్ లేదు, తీసేసి ఉంది.

అన్నీ ఆవిడే సరిచేసుకున్నారు. అంటే ఎవరు చేశారో, ఏం చేశారో అంతా తెలుసు. తెలిసే నా షాపుకొచ్చి నా పిల్లల్ని అడిగారు. ఎవరి దగ్గరా నా పేరెత్తలేదు.

ఫోటో ఒక్కటే తీసుకుని ఫోన్ ఇచ్చేశాను. ఇంకేదీ ముట్టుకోలేదు. ఇప్పటికి వచ్చింది నాకు బుద్ధి.

మన చర్చివాళ్ళందరూ ఇది చదవాలి. ఆ రోజు టీచర్‌గారు ఏమీ నొక్కలేదు. నొక్కింది నేను. ఆవిడని అడక్కుండా.

వెళ్ళి రండి టీచర్‌గారూ. ప్రభువు దగ్గర మీ గొంతు మీకు తిరిగి రావాలి, ఆగిపోయిన ఆ కీర్తన నెమ్మదిగా, పూర్తిగా పాడుకోవాలి.